అమృత విలాస్‌లో సర్వర్ ఎప్పుడూ డౌన్ అవ్వలేదు

ముందు ఒక చిన్న క్విజ్. ‘అమృతం’ సీరియల్లో అమృతం ఎవరు?

శివాజీ రాజా అన్నారంటే మీరు మొదటి నుంచీ చూసిన బ్యాచ్. హర్షవర్ధన్ అన్నారంటే మీరు మా బ్యాచ్, లేదా యూట్యూబ్ బ్యాచ్. నరేష్ అన్నారంటే మాత్రం మీకో దండం. మధ్యలో ఆయన కూడా చేశారన్న సంగతి చాలామందికి గుర్తే ఉండదు. ముగ్గురూ కరెక్టే. ఒకే సీరియల్, ఒకే పాత్ర, ముగ్గురు హీరోలు.

రెండో ప్రశ్న. ఆంజనేయులు ఎవరు?

దీనికి ఆలోచించక్కర్లేదు. గుండు హనుమంతరావు. ఆరేళ్ళూ ఆయనే. అమృతం మారినప్పుడల్లా, పక్కన కూర్చున్నది కొత్త మనిషని తెలియనట్టే, నిన్న ఆపిన మాట దగ్గర్నుంచి మొదలుపెట్టినట్టే మాట్లాడేసేవాడు అంజి. నేను ఆఫీసులో నాలుగేళ్ళలో ముగ్గురు మేనేజర్లను చూశాను. ప్రతిసారీ పాతాయన కొత్తాయనకి పదిహేను రోజులు ‘నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్’ ఇచ్చేవాడు. అమృత విలాస్‌లో ఆ ట్రాన్స్‌ఫర్ అంతా గుండు హనుమంతరావు గారి మొహంలోనే అయిపోయేది. ఆయన కొత్తాయన్ని “అమృతం” అని పిలిచారంటే ఇక ఆయనే అమృతం. మనం నమ్మేస్తాం.

ఇంటర్నెట్లో ‘ది ఆఫీస్’ తెర వెనక కబుర్లు కోకొల్లలు. మన తెలుగులో అంత పెద్ద హిట్ కొట్టిన పనిచోటు కామెడీ గురించి మాత్రం ఆదివారం, టైటిల్ సాంగ్, అప్పాజీ పిసినారితనం దగ్గర మాట ఆగిపోతుంది. అందుకే ఇది. పైగా నాకు ఇందులో కొంచెం సొంత గొడవ కూడా ఉంది. మా నాన్నకి రాజోలు బస్టాండు దగ్గర టిఫిన్ హోటలు ఉండేది. ఆయనా, ఆయన ఫ్రెండూ కలిసి పెట్టారు. అవును, అచ్చం అలాగే.

*ఆరేళ్ళు, 314 ఆదివారాలు*

జెమిని టీవీలో ‘అమృతం’ మొదలైంది 2001 నవంబర్ 18న. ముగిసింది 2007 నవంబర్ 18న. సరిగ్గా ఆరేళ్ళు. రెండూ ఆదివారాలే. మొత్తం ఎపిసోడ్లు 313.

ఈ నంబర్ చూడగానే నాలోని ఇంజినీరు నిద్రలేచాడు. నాలుగు లైన్ల పైథాన్ రాసి చూశా. ఆ రెండు తేదీలూ కలుపుకొని మధ్యలో వచ్చే ఆదివారాలు 314. అంటే సగటున వారానికో ఎపిసోడ్, ఆరేళ్ళ పాటు. పండగల్లేవు, ‘ఈ వారం పాత ఎపిసోడ్ చూడండి’ అని చేతులెత్తేసే అవకాశం దాదాపు లేదు. మేము రెండు వారాలకో రిలీజ్ చెయ్యడానికి కిందామీదా పడతాం.

దీని వెనక ఉన్నాయన గుణ్ణం గంగరాజు. అప్పటికి ఆయన ‘లిటిల్ సోల్జర్స్’ (1996) తీసిన దర్శకుడు. ‘జస్ట్ ఎల్లో’ బ్యానర్ మీద ఈ సీరియల్ మొదలుపెట్టారు. తొలి ఎపిసోడ్లు డైరెక్ట్ చేసింది ఎవరో తెలుసా? చంద్రశేఖర్ ఏలేటి. అంటే ‘ఐతే’ (2003), ‘అనుకోకుండా ఒక రోజు’ (2005) తీసిన ఏలేటే. ‘ఐతే’కి నిర్మాత కూడా గంగరాజు గారే. సంగీతం కల్యాణి మాలిక్. అమృతం టైటిల్ సాంగ్‌కి బాణీ కట్టిందీ, పాడిందీ ఆ కల్యాణి మాలికే, కీరవాణి గారి తమ్ముడు. పాట రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి. ఒక్కసారి ఆగి ఆలోచించండి. వారానికొకసారి వచ్చే అరగంట టీవీ కామెడీకి సిరివెన్నెల పాట. ఆంజనేయుల్ని పేరు పెట్టి పిలుస్తూ మొదలయ్యే ఆ పాటలో ఉన్నదంతా నష్టాల్లో ఉన్నవాడికి దోస్తు చెప్పే ధైర్యం. మా కాలేజీలో బ్యాక్‌లాగ్ వచ్చిన ప్రతివాడికీ ఆ పాటే పాడేవాళ్ళం. క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో పోయినవాడికి కోరస్‌తో పాడేవాళ్ళం.

తర్వాత ఎస్.ఎస్. కాంచీ వచ్చారు. రాజమౌళి సినిమా ‘మర్యాద రామన్న’ (2010)కి కథ రాసిన కాంచీయే. డైరెక్టర్లు చాలామందే మారారు. వాళ్ళలో ఒకాయన గురించి తర్వాత చెప్తాను, ఆయనే ఈ కథకి అసలు కీలకం.

*మా హోటల్లో ఎనిమిదిన్నర*

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే టిఫిన్ హోటలుకి ఎలాంటి టైమో హోటలు పెట్టినవాళ్ళకే తెలుస్తుంది. సినిమా ఫస్ట్‌షో వదిలే వేళ, పొరుగూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఆఖరి బస్సుకి ముందు నాలుగు ఇడ్లీ తినే వేళ. నాన్న పెనం దగ్గర. ఆయన పార్ట్‌నర్ గల్లాపెట్టె దగ్గర. నేను ఆయన్ని మావయ్య అనేవాణ్ణి. గల్లాపెట్టె పక్కన ‘అప్పు రేపు’ బోర్డు, దాని మీద ఒక చిన్న పోర్టబుల్ టీవీ. అమృతం మొదలవగానే పెసరట్లు మాడేవి. నిజంగా మాడేవి. కస్టమర్లు కూడా అటే చూసేవాళ్ళు కాబట్టి ఎవరూ గొడవ చేసేవాళ్ళు కాదు.

నేను నవ్వింది గుర్తుంది. కానీ వాళ్ళిద్దరూ నవ్వేవాళ్ళు కాదు. ఆడిట్ చేసేవాళ్ళు.

“అదేంట్రా, టేబుళ్ళు ఖాళీగా ఉంటే ఇద్దరు ఓనర్లూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు? ఖాళీగా ఉన్నప్పుడే కదా ఉల్లిపాయలు తరుక్కోవాలి!” ఇది నాన్న.

“గ్యాస్ బండ అయిపోయిందని ఒక్కరోజన్నా చూపించాడా? మనకి వారానికోసారి నడిమధ్యలో అయిపోద్ది.” ఇది మావయ్య.

అయినా ఒక్క వారం మానేవాళ్ళు కాదు. ఎందుకంటే ఒక విషయంలో మాత్రం సీరియల్ నూటికి నూరుపాళ్ళు నిజం. అమృతానికి ప్రతి వారం ఒక ఐడియా వచ్చేది. ఈ దెబ్బతో కోటీశ్వరులం అయిపోతాం అనేవాడు. అంజి వద్దంటూనే వెళ్ళేవాడు. చివరికి ఉన్నది కూడా పోయేది. మా హోటల్లో ఐడియాలు మావయ్యవి. ఒకసారి అంబాజీపేట నుంచి మనిషిని పిలిపించి పొట్టిక్కలు మొదలుపెట్టాడు. పనసాకుల బుట్టల్లో ఉడికే ఇడ్లీ. అంబాజీపేటలో జనం క్యూ కట్టి తింటారు. రాజోల్లో, “అంబాజీపేట వెళ్ళినప్పుడు తింటాంలెండి” అన్నారు. వారం రోజులు మా ఇంట్లో అందరం పొట్టిక్కలే తిన్నాం.

*గోదారికి అటు ఒడ్డున*

రాజోలు నుంచి సఖినేటిపల్లి వెళ్ళి రేవు దాటితే నరసాపురం. ఆ నరసాపురంలో పుట్టినాయనే జంధ్యాల. అమృతం గురించి రాస్తూ ఈయన దగ్గరికి ఎందుకొచ్చానంటే, ఆ సీరియల్ తెర మీద కనపడని పెద్దమనిషి నా లెక్కలో ఈయనే.

చూడండి. గుండు హనుమంతరావుని సినిమాల్లోకి తెచ్చింది జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట’ (1987). రెండో అమృతం నరేష్‌ని హీరోగా నిలబెట్టింది జంధ్యాల తీసిన ‘నాలుగు స్తంభాలాట’ (1982), ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984). ఈ రెండోదాన్ని మీరు ప్రేమకథ అనుకుంటారేమో కానీ, ఒక ఆకాశరామన్న ఉత్తరం ఆఫీసులో చేతులు మారితే ఏమవుతుందన్న ముడితో మొదలయ్యే సినిమా అది. పొత్తూరి విజయలక్ష్మి గారి నవల నుంచి తీశారు. మన తెలుగులో ఆఫీసు కామెడీకి తాతగారు అనుకోవచ్చు.

జంధ్యాల 2001 జూన్ 19న పోయారు. అమృతం వచ్చింది అదే సంవత్సరం నవంబర్లో. ఐదు నెలల తేడా. గంగరాజు గారు ఇది లెక్కపెట్టుకుని చేశారని నేననను. కానీ బూతు లేకుండా, చెంపదెబ్బల్లేకుండా, మాట మీద మాట వేసి నవ్వించే ఆ పద్ధతి ఎక్కడిదో చూసేవాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది.

ఇంకో తేదీ కూడా సరదాగా కుదిరింది. ఇంగ్లాండులో రికీ జెర్వైస్, స్టీఫెన్ మర్చంట్ కలిసి చేసిన అసలు ‘ది ఆఫీస్’ బీబీసీలో మొదలైంది కూడా 2001 జూలైలోనే. అక్కడ కాగితాలు అమ్మే కంపెనీ, ఇక్కడ ఇడ్లీలు అమ్మే హోటలు. ఎవరూ ఎవర్నీ కాపీ కొట్టలేదు. రెండు చోట్లా పని జరగదు, అదే జోకు. కాకపోతే వాళ్ళది మొదటి తారీఖున జీతం వచ్చే ఆఫీసు. అమృత విలాస్‌లో జీతం ఇవ్వాల్సింది కూడా వీళ్ళే. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఒక రకం, హోటలు మూతపడుతుందేమోనన్న భయం ఇంకో రకం. ఇంట్లో రెండోది చూసి పెరిగి, ఇప్పుడు మొదటిది నేను పడుతున్నాను కాబట్టి చెప్తున్నాను, రెండోది బరువెక్కువ.

*ఇద్దరు అమృతాలు ఎన్నికల్లో*

అసలు ట్రివియా అంటే ఇది. సీరియల్ అయిపోయిన పదకొండేళ్ళకి, 2019 మార్చిలో, మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ ఎన్నికలు జరిగాయి. అప్పటికి ‘మా’ అధ్యక్షుడు శివాజీ రాజా. ఆయన మీద పోటీకి దిగింది నరేష్. గెలిచింది నరేష్.

అంటే మొదటి అమృతం కుర్చీలో మళ్ళీ రెండో అమృతమే కూర్చున్నాడు. ఆ వార్త చూసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన మెసేజ్: ‘మూడోసారి హర్షవర్ధన్ నిలబడాలి, లెక్క సరిపోతుంది.’ నాన్న నుంచి ఒకే ఒక్క బొటనవేలు వచ్చింది.

హర్షవర్ధన్ ఎన్నికల వైపు రాలేదు కానీ పెన్ను పట్టుకున్నారు. ‘ఇష్క్’ (2012), ‘గుండెజారి గల్లంతయ్యిందే’ (2013), ‘మనం’ (2014). వీటికి మాటలు ఈయనవే. అక్కినేని మూడు తరాలు కలిసి నటించిన సినిమాకి మాటలు రాసింది మన అమృతమే అని చెప్తే మా ఆఫీసులో ఇద్దరు నమ్మలేదు. టైటిల్స్ చూపించాల్సొచ్చింది.

*ఏ/బీ టెస్ట్*

మా పనిలో ఒక అలవాటుంది. యాప్‌లో బటన్ రంగు మార్చాలన్నా సగం మందికి పాతది, సగం మందికి కొత్తది చూపించి ఏది పనిచేస్తుందో చూస్తాం. ఏది మార్చినా ఫరవాలేదో, ఏది మారిస్తే జనం పారిపోతారో అప్పుడు తేలుతుంది. అమృతం మీద ఈ టెస్టు ఎవరూ కావాలని చెయ్యలేదు. ఇరవై ఏళ్ళలో దానంతటదే జరిగింది.

సీరియల్లో అమృతాన్ని మార్చారు, అంజిని ఉంచారు. ఆరేళ్ళు నడిచింది.

2014లో ‘చందమామలో అమృతం’ అని సినిమా తీశారు. గంగరాజు గారే డైరెక్టర్. చంద్రుడి మీద హోటలు పెట్టే ఐడియా. అమృతంగా అవసరాల శ్రీనివాస్, అంజిగా హరీష్. అంటే ఇద్దర్నీ మార్చారు. ఆడలేదు. అవసరాల మంచి నటుడు, సందేహమే లేదు. కానీ థియేటర్లో నాకు ఇద్దరు కొత్తవాళ్ళు పాత పేర్లతో తిరుగుతున్నట్టే ఉంది.

2020లో జీ5లో ‘అమృతం ద్వితీయం’ వచ్చింది. ఇప్పుడు అమృతం హర్షవర్ధనే. కానీ అంజి లేడు. గుండు హనుమంతరావు గారు 2018 ఫిబ్రవరి 19న పోయారు. పాత సీరియల్ మొత్తానికి మారనివాడు ఆయనొక్కడే అనుకుంటే, కొత్తదానికి వచ్చేసరికి మార్చక తప్పనివాడు ఆయనే అయ్యారు. సరిగ్గా తిరగబడింది.

మరి ఈ మూడింటిలోనూ, సీరియల్, సినిమా, వెబ్ సిరీస్, అన్నిట్లోనూ మారనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని చూశా. ఇద్దరే. ఇంటి ఓనరు అప్పాజీ, అంటే శివన్నారాయణ. హోటల్లో పనిచేసే సర్వం, అంటే ఇంటూరి వాసు.

ఇంటి ఓనరు మారడన్నది మనందరికీ తెలిసిందే. హైదరాబాదులో అద్దెకున్నవాళ్ళని ఎవర్నడిగినా చెప్తారు, ఉద్యోగాలు మారతాయి, రూమ్మేట్లు మారతారు, పదకొండో నెల్లో అద్దె పెంచే మనిషి మాత్రం మారడు. కానీ సర్వం?

ఇందాక డైరెక్టర్లలో ఒకాయన గురించి తర్వాత చెప్తానన్నాను కదా. ఆయనే ఈయన. ప్లేట్లు మోస్తూ, అమృతం తిట్లు తింటూ, జీతం అడిగితే మాట దాటేయించుకునే ఆ సర్వం, కెమెరా వెనక్కి వెళ్తే చాలా ఎపిసోడ్లకి డైరెక్టర్. కెమెరా ముందు “సర్వం!” అని కసిరిన ఓనరుకే, వెనక్కెళ్ళాక “ఇంకో టేక్” అని చెప్పే మనిషి.

అమెరికన్ ‘ది ఆఫీస్’లో కూడా అంతే. అక్కడ మిండీ కాలింగ్, బీజే నోవాక్, పాల్ లీబర్‌స్టైన్ రచయితలు, నటులు కూడా. హెచ్ఆర్ టోబీని బాస్ అంతలా తిడుతుంటాడు చూడండి, ఆ టోబీ షో నడిపించిన పెద్ద తలకాయల్లో ఒకడు. ఫిలిస్ వేసిన ఫిలిస్ స్మిత్ అసలు నటి కావడానికి రాలేదు. ఆడిషన్లకి వచ్చినవాళ్ళకి ఎదురు డైలాగ్ చదివే కాస్టింగ్ డిపార్ట్‌మెంట్ మనిషి. ఆమె చదువుతుంటే బాగుందని ఆమెనే పెట్టేసుకున్నారు. మొదట్లో వచ్చే స్క్రాంటన్ ఊరి షాట్లు జిమ్ వేసిన జాన్ క్రాసిన్‌స్కీ స్వయంగా వెళ్ళి తీసుకొచ్చినవి. బాస్ వేసిన స్టీవ్ కరెల్ 2011లో వెళ్ళిపోయాక కూడా ఇంకో రెండు సీజన్లు నడిచి, 2013లో 201 ఎపిసోడ్ల దగ్గర ఆగింది. ఆ చివరి రెండు సీజన్లు బాగున్నాయా లేదా అన్నది వేరే గొడవ, నా ఓటు ‘లేదు’కే. కానీ నిలబడింది అంటే, మూల సీట్లో కూర్చున్నవాళ్ళ వల్లే నిలబడింది.

ఈ లెక్కంతా నేనేదో కనిపెట్టినట్టు నాన్నకి చెప్పాను. ఆయన తలెత్తకుండా అన్న మాట ఇది.

“దానికి టెస్టెందుకురా. హోటలు ఓనరు మారినా ఫరవాలేదు, సర్వరు మారకూడదు. కస్టమరు మన మొహం చూసి వస్తున్నాడా? నీళ్ళ గ్లాసు పెట్టేవాడి మొహం చూసి వస్తాడు.”

నేను రోజంతా సర్వర్ డౌన్ అవకుండా చూసే ఉద్యోగం చేస్తాను. ఈ ముక్క మా నాన్న ముందే చెప్పుంటే ఇంటర్వ్యూలో వాడుకునేవాణ్ణి.

*మా అంజి*

మా హోటలు 2009లో మూతపడింది. గొడవేం కాలేదు. మావయ్య కువైట్ వెళ్ళాడు. కోనసీమలో ఇది వింతేం కాదు, మా వీధిలో ఇంటికొకరు అక్కడున్నారు. ఇద్దరు ఆడపిల్లలు, హోటలు మీద వచ్చేది సగం సగం పంచుకుంటే చాలడం లేదు. అక్కడ కూడా వంటమనిషే. నాన్న ఒక్కడే ఆరు నెలలు నడిపాడు. “గల్లాపెట్టె దగ్గర ఎవడో ఒకడు కూర్చుంటాడు, కానీ పెనం దగ్గర నుంచి ‘ఒరేయ్’ అంటే ‘ఆయ్’ అనేవాడు లేడు” అని ఒకసారి అమ్మతో అనడం విన్నాను. తర్వాత పెనం, ఇడ్లీ పాత్రలు, బల్లలు అన్నీ ఇచ్చేసి అమలాపురం వచ్చేశాం. నాన్న ఒక హోల్‌సేల్ షాపులో లెక్కలు రాయడానికి కుదురుకున్నాడు.

గుండు హనుమంతరావు గారు పోయిన రోజు నేను బీటెక్ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. నాన్న టీవీలో స్క్రోలింగ్ చూసి కువైట్‌కి ఫోన్ చేశాడు. సినిమావాళ్ళు పోతే ఫోన్ చేసుకునే రకం కాదు ఇద్దరూ. అవతల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. చాలాసేపు మాట్లాడారు.

2020 మార్చి 25 ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. నేను లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చేశా. అదే రోజు ‘అమృతం ద్వితీయం’ రిలీజు. టీవీకి కనెక్ట్ చేసి, అమ్మ, నాన్న, నేను పచ్చడి గిన్నెలతో కూర్చున్నాం. టైటిల్ సాంగ్ వచ్చింది. అంజి వచ్చాడు. నాన్న లేచి బయట అరుగు మీదకి వెళ్ళిపోయాడు.

“నాన్నా, ఎల్.బీ. శ్రీరామ్ గారు బాగా చేస్తాడు, చూడు.”

“చేస్తాడు. నేను కాదన్నానా?”

అంతే. రెండేళ్ళు మళ్ళీ ఆ మాటెత్తలేదు.

నాకు అన్నిటికంటే తిక్కగా అనిపించింది ఏంటంటే, ఎల్.బీ. శ్రీరామ్ మా మనిషి. ముక్తేశ్వరం దారిలో అయినవిల్లి మండలం ఉంటుంది కదా, ఆ మండలంలో నేదునూరు ఆయన సొంతూరు. రేడియోలో పనిచేసి, నాటకాలాడి, సినిమాలకి మాటలు రాసి, ఆ తర్వాత తెర మీదకొచ్చారు. ‘హలో బ్రదర్’ (1994) మాటలు ఆయనవే. ‘చాలా బాగుంది’ (2000)లో ఆ యాసతో నటుడిగా దుమ్ము దులిపారు. అదే ఏడాది వచ్చిన ‘అమ్మో ఒకటో తారీఖు’లో జీతానికీ ఖర్చుకీ మధ్య నలిగే ఇంటి పెద్ద ఆయనే. ఈ మధ్య కాలంలో యూట్యూబ్‌లో సొంతంగా చిన్న సినిమాలు తీసి పెడుతున్నారు, చూడకపోతే చూడండి. అంటే అంజి కుర్చీలోకి వచ్చినాయన గోదారి మాట తెలిసినవాడు, మధ్యతరగతి బాధ తెలిసినవాడు. అంతకన్నా సరైన మనిషి ఎక్కడ దొరుకుతాడు? అయినా నాన్న అరుగు మీదే.

ఇప్పుడు నాకు అర్థమవుతోంది, ఆయన గొడవ శ్రీరామ్ గారితో కాదు. గల్లాపెట్టె దగ్గర ఎవర్ని కూర్చోబెట్టినా ఆయన లేచి వెళ్ళిపోయేవాడే.

*ఎదుర్లంక ఒడ్డున స్టాండప్*

2022 మే నెలాఖర్లో అమలాపురంలో గొడవలు జరిగి కోనసీమ అంతా ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి. వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్న మాలాంటివాళ్ళ పరిస్థితి చెప్పనక్కర్లేదు. ఇంటర్నెట్ లేదంటే మేనేజర్ నమ్మడు, చెప్పాలంటే ఫోన్ చెయ్యాలి, ఫోన్ చేస్తే “ఒక మెయిల్ పెట్టు” అంటాడు. చివరికి అందరం కనిపెట్టింది ఏంటంటే, ఎదుర్లంక వెళ్ళి గోదారి ఒడ్డున నిలబడితే అవతలి యానాం టవర్ల సిగ్నల్ అందుతుంది. యానాం కేంద్రపాలిత ప్రాంతం కదా, అక్కడ ఆపలేదు. బైకులు, లాప్‌టాప్ బ్యాగులు, గొడుగులు. చెట్టు కింద ఇద్దరు, బైకు సీటు మీద ఒకరు. ఒకడు కెమెరా ఆన్ చెయ్యమంటే వెనక పడవలు కనిపిస్తున్నాయని వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ పెట్టుకుంటున్నాడు. అందులో కూడా బీచే ఉంది. ఇంతకన్నా పనిచోటు కామెడీ ఏ టీవీ రాయగలదు?

ఇంట్లో మాత్రం ఆ రోజుల్లో పాత హార్డ్‌డిస్క్‌లో ఎప్పుడో దాచుకున్న అమృతం ఎపిసోడ్లే దిక్కు. కరెంటున్నంతసేపూ నాన్న, నేను అవే చూశాం. ఆడిట్ మళ్ళీ మొదలైంది. “ఆ చట్నీ చూడు, ఎంత పల్చగా ఉందో” లాంటివి. ముగ్గురు అమృతాలూ వచ్చి వెళ్ళారు. అంజి అలాగే ఉన్నాడు. నాలుగో రోజుకి ఉన్న ఎపిసోడ్లు అయిపోయాయి.

ఐదో రోజు పొద్దున్న నేను బైకు తీస్తుంటే, “నేనూ వస్తా” అన్నాడు నాన్న.

“అక్కడేం చేస్తావ్, ఎండ.”

“మీ మావయ్య మెసేజిలు వచ్చుంటాయి. ఇన్ని రోజులయ్యింది, కంగారు పడుతుంటాడు.”

ఎదుర్లంకలో సిగ్నల్ రాగానే నాన్న ఫోను మోగుతూనే ఉంది. అన్నీ కువైట్ నుంచే. మొదటి వాయిస్ మెసేజి నాకూ వినపడింది. “ఒరేయ్, టీవీలో అమలాపురం చూపిస్తున్నారు, ఏమైంది, ఫోనెత్తు.” ఆ తర్వాతవి ఆయన చెవికి దగ్గరగా పెట్టుకుని విన్నాడు. జవాబు పెట్టాడు. అందరం బాగున్నామని, పిల్లాడు గోదారి గట్టు మీద ఉద్యోగం చేస్తున్నాడని.

నాకు స్టాండప్ కాల్ మొదలైంది. ఎవరేం చేశారో ఒక్కొక్కరూ చెప్తున్నారు. నా వంతు వచ్చేలోపు పక్కకి చూశా. నాన్న నా రెండో ఫోన్ తీసుకుని, చెట్టు నీడలో గొంతుక్కూర్చుని ఏదో చూస్తున్నాడు. టైటిల్ సాంగ్ వినపడింది. పాత గొంతే, కానీ కాస్త కొత్తగా. ద్వితీయం.

మ్యూట్‌లో పెట్టి, “ఎలా ఉన్నాడు?” అన్నాను.

“ఉండు” అన్నాడు.

నా వంతు వచ్చింది. నిన్న చేసింది, ఇవాళ చెయ్యబోయేది చెప్పాను. అడ్డంకులు ఏమైనా ఉన్నాయా అని మేనేజర్ అడిగాడు. గోదారి తప్ప ఏం లేవన్నాను. కాల్ అయ్యేసరికి నాన్న ఆ ఎపిసోడ్ లింకు ఎలా పంపాలో తెలీక స్క్రీన్ మీద నొక్కుతున్నాడు. తీసుకుని కువైట్‌కి పంపించాను. కింద వాయిస్ మెసేజి ఆయనే పెట్టాడు.

“చూడు. మన నేదునూరాయన. పెసరట్టు ఇంకా మాడుస్తూనే ఉన్నారు.”

పది నిమిషాలకి జవాబొచ్చింది. వెనకాల ఏదో పెద్ద వంటశాల చప్పుడు, గిన్నెలు. మధ్యలో మావయ్య గొంతు, ఒకే మాట.

“ఆయ్.”